నలుపు ధర

చీమకుర్తిలో ఇరవై ఆరేళ్ళుగా
నల్లరాతికి మార్కులేసే పని నాది.
పలక మీద చెంబుడు నీళ్ళు చల్లి
బొటనవేలితో ఒక్కసారి రుద్దుతాను.
తడి ఆరేలోపు చెప్పేస్తాను:
ఇది ఫస్టు, ఇది సెకండు,
ఇందులో బూడిద కలిసింది, మెట్లకు పొమ్మను.

నలుపులో అబద్ధముంటే
ముందు నా వేలికి తెలుస్తుంది.

అట్టాంటోణ్ణి ఒంగోలు కర్నూలు రోడ్డులో
ఏసీ షాపులో నిలబెట్టి
జిలానీ అనే కుర్రోడు
నాకే నలుపు నేర్పడం మొదలుపెట్టాడు.

"ఇది ఓఎల్ఈడీ అంకుల్.
దీంట్లో ప్రతి చుక్కా తన దీపం తనే.
నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోద్ది, అంతే.
అది ఎల్‌సీడీ. వెనకాల లైటు వెలుగుతానే ఉంటది,
ముందు తలుపులేస్తారు.
సందుల్లోంచి కాస్త కారుద్ది."

కారుద్ది అన్న మాట నచ్చింది నాకు.
లైట్లు తీయమన్నాను.
రెండింట్లోనూ ఆకాశం వేశాడు.
ఒకదాంట్లో రాత్రి.
ఇంకోదాంట్లో
రాత్రి అని బోర్డు పెట్టుకున్న సాయంత్రం.

క్వారీ అడుగున, అప్పుడే పగిలిన రాయిలో
బంగారు రవ్వలు కళ్ళు తెరవడం గుర్తొచ్చింది.
చుట్టూ నలుపు నిజమైతేనే రవ్వ మెరిసేది.
"కాసిని నీళ్ళుండాయా అబ్బయ్యా?" అన్నాను.
తాగడానికనుకుని సీసా తెచ్చాడు.
వేలు తడిపి తెర దాకా పోనిచ్చానో లేదో
చెంచమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

ఆ నలుపుకీ ఈ నలుపుకీ మధ్య
తేడా ఎనభై వేలు.
నేను గీసే గీతకి
అడుక్కి అరవై రూపాయలు అటూ ఇటూ అయితే
సేటు రెండు రోజులు మాట్లాడడు.

"ఒకే బొమ్మ గంటల తరబడి ఉంటేనో?" అంది చెంచమ్మ.
"ఛానెల్ గుర్తులాంటిది కదలకుండా ఉంటే
ఏళ్ళ మీద మచ్చ పడొచ్చు ఆంటీ,
ఇప్పుడొచ్చేవాటికి ఆ బాధ తక్కువ."
ఆమె నా ఎడమచెవి వైపు చూసింది.
"ఆ జబ్బు మా ఇంట్లో ఒకరికి ఉండనే ఉంది."
నిజమే. కోత మిషను మోత
ఆదివారం కూడా అక్కడ ఆడుతానే ఉంటది.

అప్పుడు తీసింది తన లెక్క.
"మన ముందుగది పడమటి మొగం.
ఎదురుగా మాలకొండయ్య రేకుల షెడ్డు.
పన్నెండు దాటితే ఆ రేకుల మీది ఎండంతా మన గోడకే.
నేను టీవీ చూసేది అప్పుడు, బియ్యం ఏరుకుంటా.
నువ్వు చూసేది రాత్రి పది నిమిషాలు,
ఆ తర్వాత అదే నిన్ను చూస్తా ఉంటది.
మిట్టమధ్యాహ్నం నీ నలుపులో
నాకు నా మొగమే కనపడతది.
వెలుగెక్కువున్నది చూడు."

ఏం చెప్పను?
నేను ఫస్టని రాసిన పలకలు
ఏ ఊళ్ళో ఏ వంటగదిలో ఉన్నాయో,
వాటి మీద ఏ పూట ఏ వెలుగు పడుతుందో
నన్నెవరూ అడగలేదు.
నాకూ తోచలేదు.

పేర్నమిట్ట దాకా, దాటాక కూడా
ట్రాలీ ఆటోలో చెంచమ్మ
పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

ఆ రాత్రి సినిమాలో దొంగ గోడ దూకుతున్నాడు.
చీకటి మూలల్లో బూడిద.
"సెకండు" అన్నాను, కళ్ళు మూతపడతా.
"మెట్లకు పొమ్మందామా?" అంది.

మర్నాడు రేకుల ఎండ గోడెక్కే వేళకి కేకేసింది.
తెర కింద, కుడి మూల,
నీళ్ళు ఆరిన బొటనవేలి ముద్ర.
ఎప్పుడు లేచానో నాకు తెలియదు.
కొంగుతో తుడిచింది, ఊది మళ్ళీ తుడిచింది,
జరగమంది.
సీరియల్ మొదలయ్యే టైమైంది.