ఎడంగా పెట్టిన మోచెయ్యి

నాకు ముందు కనిపించేది బెల్టే.
గల్లా వెనక కురచ పీట మీద కూర్చుంటాను,
తలుపు గంట మోగితే నా చూపు
తిన్నగా నడుముల మట్టానికి పోతుంది.
మొహాలు తర్వాత వస్తాయి.

మోంటానాలో అది వాతావరణం లాంటిది.
మంచెందుకు పడుతోందని ఎవరూ అడగరు,
నడుమున ఆ తుపాకీ ఎందుకనీ అడగరు.
నేనూ అడగలేదు, పంతొమ్మిదేళ్లుగా,
కోళ్ల దాణా తూస్తూ,
గొర్రెలు నాకే ఉప్పుదిమ్మలు లెక్కపెడుతూ.

ఎల్డన్ స్ట్రాండ్‌ది పాత రివాల్వర్, కుడి పక్కన.
ఒర తోలు అరిగి అరిగి జీనులా నల్లబడింది.
దాన్ని ఆయన తడుముకోగా నేను చూడలేదు.
తడుముకునే వాళ్లను చూశాను,
కొత్త పెళ్లికొడుకు ఉంగరం తిప్పుకున్నట్టు
వేళ్లు ఊరికే అక్కడికి పోతుంటాయి.
ఈయనకది కళ్లజోడు. పెట్టుకున్నాడంతే.
నడిచేటప్పుడు మాత్రం కుడి మోచెయ్యి కాస్త ఎడంగా ఉండేది,
పక్కన ఓ పిల్లవాడు నడుస్తున్నట్టూ
వాడికి చోటిస్తున్నట్టూ.

నీళ్లతొట్లు చవగ్గా అమ్మిన రోజున
ట్రేస్ అనే కుర్రాడు రైఫిల్ భుజాన తగిలించుకొచ్చాడు.
ఇరవై ఏళ్లుండవు. ఇంకా పెట్టెలోని నూనె వాసన.
చూడాలని వచ్చాడు, చూశాం.
అరల మధ్య వాడు మలుపు తిరిగినప్పుడల్లా
గొట్టమూ తిరిగేది.
ఎల్డన్ వెళ్లి పక్కన నిలబడి
మేకుల ధర అడిగినంత మెల్లగా అన్నాడు:
"నీ తుపాకీ ఆ తోపుడుబండిలో పాపాయిని చూస్తోంది బాబూ,
నువ్వు చూడ్డం లేదు."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. బయటికెళ్లాడు.
ఆ తల్లి పాపను చంకనేసుకుని
ఖాళీ బండిని ఒంటిచేత్తో తోసుకుపోయింది,
ఎల్డన్‌కి కూడా దూరంగా, గోడవారగా.
ఆయన నడుమునా ఒకటుంది కదా.
"ఆమెకా హక్కుంది" అన్నాడాయన,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.

బిర్గిట్ పోయిన చలికాలం
ఇనప్పెట్టె తాళంచెవి తెచ్చి నా గల్లాలో పడేశాడు.
ఆ రోజు నడుమున ఏమీ లేదు.
"మంచు కరిగేదాకా ఉంచు."
ఎందుకని అడగలేదు. ఇద్దరికీ తెలుసు.
రూపాయి బిళ్లంత బరువుండదు ఆ చెవి,
నాలుగు నెలలు సొరుగు లాగినప్పుడల్లా
చెయ్యి బరువెక్కేది.
ఏప్రిల్లో వచ్చి అడిగాడు.
ఇచ్చేముందు మొహం చూశాను.
ఆ ఒక్కసారే ముందు మొహం చూశాను.

మొన్న అక్టోబరులో చెక్కు మీద సంతకం పెడుతుంటే
పేరు సగంలో పెన్ను జారి
గీత బల్ల మీదికి వచ్చేసింది.
ఇద్దరం ఆ గీతనే చూశాం.
నేను గుడ్డతో తుడిచాను. పోలేదు.

మర్నాటి వారం గంట మోగింది.
బెల్టుంది.
బెల్టు మీద, ఇన్నేళ్లూ ఎండ తగలని చోట,
అరచెయ్యంత లేతరంగు.
"షెరీఫ్ ఆఫీసులో అప్పజెప్పాను" అన్నాడు.
చొక్కా జేబులోంచి రసీదు తీసి
మనవరాలి మార్కుల కాగితంలా విప్పి చూపించాడు.
కాగితం వణికింది. మడవడానికి రెండుసార్లు పట్టింది.

అప్పుడడిగాను, పంతొమ్మిదేళ్ల తర్వాత:
"భయంగా లేదా?"
"నిన్నటిదాకా ఉంది."

దాణా బస్తా నేనే మోశాను, ట్రక్కు దాకా.
ముందు ఆయన నడుస్తున్నాడు,
కుడి మోచెయ్యి ఇంకా ఎడంగానే.
ఆ ఖాళీలోకి రాకుండా
నేను కాస్త వెనగ్గా నడిచాను.