తెరలేవీ దొరకలేదు

మిర్యాలగూడ బైపాస్. రాత్రి పదకొండు దాటింది.
కాంటా మీద లచ్చీరాం ట్రాక్టరు,
ఎనక ఇంకో పదిహేడు, లైట్లార్పి.
నా ముంగట మానిటరు
మాడిన పెంక లెక్క నల్లగ.

పాతది పొద్దుగాల్నే కాలిపోయింది.
సేటు పంపిన ఈ సెకండ్‌హ్యాండుది
ఎవరో ఎరగనంటది సిస్టం.
లినక్సు ఎక్కించిన ఖలీలు కోదాడల ఉన్నడు, ఫోనెత్తడు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ.
నలుపులకెల్లి తెల్లటి అక్షరాలు లేసినయి.
పేరడిగితె ఆండాలు అని కొట్టిన.
లాగ్ ఫైలు అడుగుకంట దిగితె
ఆఖర్న ఒక్కటే మాట:
తెరలేవీ దొరకలేదు.

ఓసి నీ!
ఏ తెర మీద రాసినవే ఆ మాట?

మానిటరును తిప్పి
ఎనక పేరుకున్న తవుడు చున్నీతోటి తుడిస్తె
చీటీ మీద సన్నటి అంకెలు.
అడ్డం ముప్పై నుంచి ఎనభై మూడు,
నిలువు యాభై ఆరు నుంచి డెబ్బై ఐదు.
కాంటా రసీదు ఎనక రాసుకొని
ఒక్కొక్క వరుస చేత్తోటి కొట్టుకుంట పోయిన:
ఇది నీ కార్డు. ఇది నీ తెర.
ఇంతకంటె జోరుగ ఉరకకు.

రాలేదు.
ముప్పై ఒకటో వరుసల తప్పన్నది.
సెక్షన్ తెరిచి మూసుడు మరిచిన.
నయం, ఇదన్న ఎక్కడ తప్పో చెప్తది,
మా సేటైతె మూడు దినాలు మొకం ముడుస్తడు.

కిటికీల తల పెట్టి లచ్చీరాం,
"అక్కా, నువ్వు రాసేసరికి వడ్ల తేమ ఆరి
కిలోలు తగ్గేటట్టున్నయి."
"ఎక్కడికి పోతయి, నీ కిందనే ఉన్నయి గద!"
అన్న గని, నిజమే.
బరువు కాంటాకెరుక, వైరుకెరుక.
చెప్పనీకి మొకమే లేదు.

మల్లొకసారి స్టార్టెక్స్.
తెర బూడిద రంగుకు తిరిగింది.
బాణం గుర్తు వచ్చింది.
పచ్చటి అంకెలు వచ్చినయి:
784.

"ఏడొందలా?
ఉత్త ట్రాలీనే అంతకంటె ఎక్కువ తూగుతది!"
నవ్వబోయిండు. నవ్వు సగంల ఆగింది.

బొమ్మంత కుడికి జారి ఉన్నది.
మానిటరు కింది బటను నొక్కుకుంట, నొక్కుకుంట
ఎడమకు జరుపుతుంటె
అంచు అవుతల నిలవడ్డ సున్న
మెల్లగ లోపలికొచ్చింది.

లచ్చీరాం అద్దం మీద ఏలు పెట్టి
ఒకటి, రెండు, మూడు, నాలుగు
అంకెలు లెక్కవెట్టుకొని
ట్రాక్టరు ఎక్కిండు.

తర్వాతి బండి వచ్చేలోపల
ఫైలుకు ఇంకో కాపీ చేసి దాసిపెట్టిన.
సేటు మల్ల మానిటరు మారుస్తడు.