చెప్పుకోదగ్గవి లేవు

ఫర్వానియాలో, ఆ నాలుగో అంతస్తులో
జబ్బు లేకపోవడమే అర్హత.
గంగనర్సు పాసయ్యాడు.
గుండె, కాలేయం, మూత్రం అన్నీ కాగితం మీద శుభ్రం.
తెలుగు కాపీ నేనే చదివి వినిపించాను.
"ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు"
అన్న చోట అతని వేలు ఆగింది.
"గిది నిజమేనా చెల్లె? కంపెనోడు గిట్ల రాయలే."

పొద్దున ఏడింటికి గోళీ.
వాపును అణచి, నెత్తురు గడ్డకట్టనివ్వని మందట.
అతని గోళీలో మందుందో వట్టి పిండుందో
అతనికి తెలీదు, నాకూ తెలీదు.
సీలేసిన కవరు ఒక్కదానికే తెలుసు.

పదకొండింటికి, మోచేతి కింద
వడ్లగింజంత గాటు పెట్టాను.
అరనిమిషానికోసారి
గుండ్రటి కాగితం అంచు ఆనించడం,
గాయాన్ని తాకీ తాకకుండా.
బొట్టు. కాగితం కాస్త తిప్పితే ఇంకో బొట్టు.
మొన్న, గోళీ వేయకముందు, తొమ్మిదో బొట్టుకే ఆగింది.
ఇవాళ పద్దెనిమిది దాటినా
ఎరుపు పలచబడదు.

డాక్టర్ బుతైనా వచ్చి గడియారం వైపు నిలబడింది.
రోమెల్ అంకెలు రాస్తున్నాడు.
కిటికీ అవతల దుమ్ము, ఎదురు బిల్డింగు కూడా కనబడనంత.
ఎవ్వరం మాట్లాడటం లేదు.

ఉన్నట్టుండి నవ్వాడతను.
ప్యాంటు పైకి లాగి పిక్క చూపించాడు.
పరంజా మీంచి జారిన ఇనప గొట్టం
దున్నుకుపోయిన చాలు, జానెడు.
"దీనికి నల్లటేపు సుట్టుకొని మళ్ల ఎక్కిన.
ఫోర్‌మన్ గూడ గడియారమే సూసిండు.
గింత దానికి గింత మందా?"

ఇరవై మూడో బొట్టు గులాబీరంగు.
ఇరవై నాలుగో చోట కాగితం తెల్లగానే ఉంది.
పన్నెండు నిమిషాలు.
పిండి కాదన్నమాట.
అలా అనుకోకూడదు. అనుకున్నాను.

దూది నొక్కిపట్టుకొని
రెండో చేత్తో ఫైలు వెనక్కి తిప్పాను.
పాత గాయాలు: చెప్పుకోదగ్గవి లేవు.
మొదటిరోజు రాసింది నేనే.
అతన్ని అడిగానో, అడక్కుండానే రాశానో
గుర్తు రావడం లేదు.

రూలు ప్రకారం ఒక్కటే గీత కొట్టాను, కింది మాట కనబడేలా.
తేదీ వేశాను, పొట్టి సంతకం పెట్టాను.
కుడి పిక్క, సుమారు జానెడు అని మొదలుపెడితే
చెయ్యి అడ్డం పెట్టాడు:
"అందాజ రాయకు చెల్లె.
కొలువు."

పదహారున్నర సెంటీమీటర్లు.