తాపరే?

పర్లాకిమిడి బస్టాండులో
మాయయ్య జముకు సంకనెట్టి తంత్రి గుంజుతాడు.
పోలమ్మ ఏట్లోకి దిగుద్ది.
మోకాలు తడిసీదాకా పాడతాడు,
నడుం తడిసీదాకా పాడతాడు,
పీకలదాకా నీళ్లొచ్చీసరికి
టక్కుమని ఆపీస్తాడు.

అప్పుడు నా పని.
సొట్టల సత్తుపళ్లెం పట్టుకుని తిరుగుతాను.
మొకాలు సూడను, కాళ్లు సూస్తాను.
ఇచ్చే కాళ్లు కదలవు.
ఇవ్వని కాళ్లు ఎప్పుడో
గుణుపురం బస్సేపు తిరిగిపోయుంటాయి.
రెండ్రూపాయలు, అయిదు,
ఓసారి సెల్లని అర్ధరూపాయి,
ఓసారి సగం కొరికిన ఖాజా.

మొన్న మాఘంలో
పచ్చబొట్టు సేతుల ఒరియా ముసిల్ది
బస్సెల్లిపోనా కదల్లేదు.
నాలుగు మడతల పది నోటు
ఒక్కో మడతా ఇప్పి పళ్లెంలో ఏసి
"తాపరే?" అన్నాది.

ఆ మాట నాకు తెలుసు.
తర్వాతేటయ్యిందని.

అయ్య బీడీ ఎలిగించాడు, ఆర్పీశాడు.
తర్వాతది ఆడికీ రాదు.
ఆళ్లయ్య నేర్పలేదు,
బస్సులు ఆగితే కదా.
మూడు తరాలుగా మా ఇంట్లో
పోలమ్మ పీకల్లోతు నీళ్లలోనే నిలబడుంది,
గట్టెక్కిందో మునిగిందో
ఒక్కళ్లూ అడగలేదు.

ముసిల్ది పళ్లెం అంచు వదల్లేదు.

అయ్య మల్లా జముకు ఎత్తాడు.
సీకట్లో ఏరు దాటీవోడిలాగ
ముందు కాలితో తడివి
తర్వాత మాట ఏస్తన్నాడు.
అదేటి పాటో నేనెప్పుడూ ఇన్లేదు.

సిల్లర కొంగున కట్టుకుని
పళ్లెం బోర్లించి
దానిమీద కూకున్నాను.