ఉగ్గుగిన్నె కొలత

క్రీము డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాలు.
ధనమ్మ కూడబలుక్కుని చదివింది:
బెం... జాల్... కో... నియం.
ఆపైన ఇద్దరం మాట్లాడలేదు.

ఆ పేరు మాకు తెలుసు.
పల్ప్ ఫ్యాక్టరీ వాకిట్లో నీలం డ్రమ్ము మీద
బెత్తెడు అక్షరాలతో అదే.
బెంగుళూరు కాయ సీజను మొదలైనప్పటినుంచీ
పొద్దున ఆరింటికి ఒకసారి, టీకి పోయొస్తే ఇంకోసారి,
మోచేతుల దాకా దాంట్లో ముంచి లోపలికి పోవాల.
నేల కడిగేదీ అదే, బెల్టు తుడిచేదీ అదే.
ఆ మంటకి మందని
రాత్రిపూట నేను పూసుకుంటా ఉండేది కూడా అదేనా?

నూట పది రూపాయల క్రీము.
గూట్లో, తేలు మీద చెంబు బోర్లించినట్టు
బోర్లించి పెట్టినా.

చిత్తూరు పెద్దాసుపత్రిలో నసీమా డాక్టరమ్మ
నా వీపు మీద గళ్లు గీసింది.
గడికో చుక్క, పైన పట్టీ.
"రెండు రోజులు నీళ్లు తగలకూడదు, చెమట పట్టకూడదు."
జూన్ నెలలో, చిత్తూర్లో, చెమట పట్టకూడదంట!
చివరి గడిలో, కొంగున ముడేసుకుపోయిన
మామిడి తొక్క ముక్క.
అది నేనడిగి పెట్టించుకున్నా. ఏమో, ఊరికే.

రెండు రాత్రులు బోర్లా పడుకుని
మూడో గడి మండతా ఉండాదని
మా ఆయన్ని నిద్రపోనీలేదు.

పట్టీ ఊడదీసి అద్దం చూపించింది.
మూడో గడిలో నా తోలు నా రంగులోనే ఉండాది.
మామిడి గడి మాత్రం
కందిరీగ కుట్టినట్టు ఎర్రగా ఉబ్బి.

ఊరికి కొత్తోడి మీద దొంగతనం మోపినట్టు
సిగ్గేసింది నాకు.
నోరు తిరగని పేరుంటే విషమే అనుకుంటిని.
చిన్నప్పుడు మూతి కాల్చిన సొనని
మనింటిదే కదా అని ఏనాడూ నిలదీయలేదు.

"నైట్రోజనుకి నాలుగు చేతులు మే, దీంట్లో,"
వేళ్లతో చూపించింది డాక్టరమ్మ.
"ఒక చెయ్యి బాగా పొడుగు.
దాంతోనే క్రిమి తోలు చీలుస్తాది.
ఎక్కువైతే మాత్రం
క్రిమి తోలేదో నీ తోలేదో చూసుకోదు."

లేచి రవిక సర్దుకుంటా అడిగినా,
"నా వీపు మీద ఎంత పెట్టినావమ్మా?"
"వెయ్యి పాళ్లకి ఒక పాలు. నీ క్రీములోనూ అంతకి మించదు."

మా మొగిలప్ప మేస్త్రీకి పాలూ లేదు, వెయ్యీ లేదు.
ఇన్‌స్పెక్షన్ ఉంటే మూడు మగ్గులు,
లేకుంటే చెయ్యి ఎంత వంగితే అంత.
వీపు మీది గడి అబద్ధం చెప్పలేదు.
దాన్ని డ్రమ్ముకి ఎవరూ చూపించలేదు, అంతే.

ఆ రాత్రి క్రీము తీసి పూసుకున్నా.
పొద్దున్నే అటక మీద వెతికి
మూతి దగ్గర పంటిగాట్లుండే ఉగ్గుగిన్నె
చింతపండుతో తోమి, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ మడిచి
గేటు కాడికి పోయినా.

"ఏం మే, డ్రమ్ముకి ఉగ్గు పోస్తావా?"
మొగిలప్ప పగలబడి నవ్వినాడు.
నా వెనక వరసలో ముప్పై మంది,
గాజులు మోచేతుల పైకి తోసుకుని.

ఎవురూ చేతులు ముంచలేదు.