జెండాలు పీకే కుర్రాడు

నా వెనక ఒక కుర్రాడు వస్తున్నాడు.
పేరు జోస్ ఫాల్డర్. పంతొమ్మిదేళ్ళు, కొంగ కాళ్ళు.
పరుగెత్తడం అతని పని కాదు.
దారి చూపే చిన్న ఎర్రజెండాలు ఒక్కొక్కటే పీకి
చంకలో పెట్టుకోవడం అతని పని.
చివరి మనిషి దాటాకే పీకాలి.
ఆ చివరి మనిషిని నేను.

తెల్లవారుజామున నాలుగింటికి నూటనలభై మందిమి బయల్దేరాం.
గొర్రెల దొడ్డి దాకా నా ముందు కొన్ని వీపులుండేవి.
తర్వాత ఆ వీపులు కూడా మంచులో కలిసిపోయాయి.
ఇప్పుడు పందెమంటే
కాస్త బురద, కాస్త నేను,
వెనక తడినేలలోంచి పుల్ల ఊడొచ్చే చప్పుడు:
చప్.
అంటే, అక్కడిదాకా ఇక దారి లేదు.

మా ఇంటిపేరు ట్వెంటీమన్.
ఇరవై మంది మనుషులని అర్థం.
ఏ ముత్తాత ఏ పొలంలో ఇరవై మంది పని చేశాడో గానీ
ఇవాళ నేను
ఒక మనిషికి సరిపడా కూడా లేను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ లోయలో ఉత్తరాలు పంచాను.
ఏ గేటు కీచుమంటుందో, ఏ కుక్క మాటలతో ఆగుతుందో,
కరెంటు బిల్లు తెస్తే నామీద కేకలేసేది ఏ ఇంటివాళ్ళో,
అన్నీ తెలుసు. అదంతా కింద.
ఈ పైన కొండకి నా మొహం తెలీదు.

ఎడమ మోకాలు పొద్దున్నుంచీ అరిచి అరిచి
మధ్యాహ్నం నుంచి మాట్లాడటం మానేసింది.
అరుస్తున్నప్పుడే నయం.
జామ్ శాండ్‌విచ్ ఒకటి తిన్నాను,
రాతిగోడ పక్కన వంగి తిరిగి ఇచ్చేశాను.
బూడిదరంగు గొర్రె ఒకటి అంతా చూసింది,
నమలడం మాత్రం ఆపలేదు.

గొర్రెలకి మా తాత లెక్క వేరే ఉండేది.
యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్...
ఇరవైతో ఆ అంకెలు అయిపోతాయి.
ఒక గులకరాయి జేబులో వేసుకుని
మళ్ళీ యాన్.
మంద ఎంత పెద్దదైనా ఆయనకి
ఇరవైకి మించి ఎప్పుడూ అవసరం పడలేదు.

యాన్, కుడికాలు.
టాన్, ఎడమకాలు, అది వస్తే.
ఇరవై అడుగులు పరుగు
(పరుగనే అనుకోండి, చూసేవాళ్ళెవరూ లేరుగా)
ఇరవై అడుగులు నడక.
జేబులో రాళ్ళు వెయ్యలేదు,
నా బరువే నాకు ఎక్కువ.

ఒకచోట కూర్చున్నాను.
బండ చల్లగా, మెత్తగా కూడా అనిపించింది,
అలా అనిపించకూడదని నాకు తెలుసు.
చప్పుడు ఆగింది.
తిరిగి చూస్తే జోస్ అల్లంత దూరంలో
వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.
కట్టుకున్న లేసే విప్పి, మళ్ళీ కడుతున్నాడు.
పక్కన జెండా నేలలోనే ఉంది,
గాలికి టపటపా కొట్టుకుంటూ.
నేను ఒక్క మాట అంటే చాలు, పీకేస్తాడు,
చెయ్యి పట్టి కిందికి తీసుకుపోతాడు.
నోరు తెరిచాను.
"లేసు బాగానే ఉందిగా" అన్నాను.
"ఆ, బాగానే ఉంది" అన్నాడు,
ఇంకోసారి విప్పుతూ.

లేచాను.
ఒక్కసారిగా కాదు.
ముందు చేతులు లేచాయి, తర్వాత నడుము,
తర్వాత మా అమ్మ వినకూడని తిట్లు నాలుగు.

దిగేటప్పుడు మొలలోతు ఊబిలో పడ్డాను.
చేతికేదో తగిలితే పట్టుకుని పైకొచ్చాను.
ఆ తర్వాత నాకు గుర్తున్నది
యాన్, టాన్, యాన్, టాన్,
మూడో అంకె ఎక్కడో జారిపోయింది.

ఊరి హాల్లో బల్లలు మడిచేస్తున్నారు.
డొరీన్ పెన్సిల్ నాలికకి తడిపి
నా నంబరు రాసుకుంది.
గడియారం చూసిందో లేదో నేను చూడలేదు.
నా బూట్ల వైపు మాత్రం చాలాసేపు చూసింది.

జోస్ జెండాలన్నీ నేలమీద పరిచి లెక్కపెట్టాడు.
ఒకటి తగ్గింది.
మళ్ళీ లెక్కపెట్టాడు. ఒకటి తగ్గింది.

టీ అందుకోబోతే నా కుడిచెయ్యి తెరుచుకోలేదు.
వేళ్ళు ఒక్కొక్కటీ డొరీనే విప్పదీసింది.
లోపల బురద, ఒక పుల్ల,
కొసన ఎర్రటి పీలిక.