డ్రింక్స్

కొరుక్కుపేట రైలు గేటు పడితే
మా వజ్రమ్మత్త గేటు పడిందనదు.
"డ్రింక్స్!" అని కేకేస్తుంది,
మజ్జిగ కుండ మీది తడిగుడ్డ తీస్తూ.

ఒక్క మ్యాచ్ చూసిన మనిషి కాదు.
పక్కన ఖాదర్ వలీ కుట్టుమిషను,
మిషను మీద ట్రాన్సిస్టరు.
ఐదురోజులాట ఐదురోజులూ
అర్థంకాని ఇంగ్లీషు
కత్తిరించిన పేలికల్లా వచ్చి ఆమె ఒళ్లో పడేది.
పారేసే అలవాటు మా ఇంట్లో లేదు.
ఏరుకుని బొంత కుట్టుకుంది.

బంతి కవర్లోంచి పోయిందట.
"చిల్లి కవరేమోలే."
గల్లీలో దొరికిపోయాడట.
"ఏ గల్లీ? మన ఆరో గల్లీనా?"
బౌల్డ్ అని వాళ్లు గొంతు చించుకుంటే
"బోల్డంటే మంచిదేగా, ఎందుకా ఏడుపు?"
వలీ భాయ్ నవ్వి నవ్వి
ఒకసారి సూది వేల్లో దించుకున్నాడు.

పోనుపోను తెలిసే వాడింది.
వడ్డీకొచ్చిన సేటుతో,
"వెలుతురు చాల్లేదు సేటూ, రేపాడదాం."
నేను పదోక్లాసు లెక్కల్లో పోతే,
"రెండో ఇన్నింగ్స్ ఉందిగా, మూతి కడుక్కో."
చెప్పకుండా పోయి
మూడేళ్లకి చెప్పకుండా వచ్చిన మామయ్యకి
కంచం పెడుతూ,
"నో బాల్‌కి ఔటయ్యావు. లెక్కలోకి రాదు. తిను."
మామయ్య తలెత్తలేదు.
పప్పు మాత్రం మారు అడిగాడు.

మొన్న స్టాన్లీ ఆస్పత్రిలో
కుర్ర డాక్టరమ్మ ఫిలిమును వెలుగుకి పట్టి
ఎక్కడ మొదలెట్టాలో తెలీక
తమిళంలో సగం, ఇంగ్లీషులో సగం నమిలింది.
అత్తే అడిగేసింది.
"ఎన్ని ఓవర్లున్నాయి?"

ఫ్యాను తప్ప ఏదీ కదల్లేదు.
డాక్టరమ్మ ఫిలిం కింద పెట్టి
స్టూలు దగ్గరికి లాక్కుంది.
"ఇది ఐదురోజులాట, పాట్టీ.
సింగిల్స్ తీసుకుంటూ పోదాం.
దేన్నీ ఎత్తి కొట్టకూడదు, అంతే."
"కుండ ఎత్తొద్దనేగా" అంది అత్త
చీర సర్దుకుంటూ.
వాళ్లిద్దరికీ అర్థమైంది.
నాకు ఆటోలో ఎక్కాక అర్థమైంది.

గేటు దగ్గర ఆగిపోయాం.
అత్త ఏమీ అనలేదు.
ఆటో పక్కన
మూటల బండి దిగిన బీహారు పిల్లాడు
నీళ్లసీసా మూత తిప్పుతూ,
ఎవరితోనో కాదు, గేటుతోనే అన్నాడు:
"డ్రింక్స్."

అత్త నన్ను మోచేత్తో పొడిచింది.
"వాడికెవరు నేర్పారే?"
కుండ ఇంటి దగ్గరుందని గుర్తొచ్చిందేమో
చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.
గూడ్సు ఇంకా పోతూనే ఉంది.